పింగళి సూరనార్యుడు, ఆయన కల్పించిన కథ

మన పెద్దలు అష్టదిగ్గజముల పేళ్లు వరుసగ చెప్పుచు పింగళి సూరన పేరు వచ్చునప్పటికి కంఠము కొంచెము హెచ్చించుట వాడుక. ఆయన మన నియోగిశాఖవాడు. పైగా ఆయన కవిత వెలసిన నంద్యాల మన కందనవోలు సీమలోనిదే. ఈ రెండు హేతువులచేతను ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందలి మనవారికి సూరనపై మమకారము మెండు. అయితే ఆయన ఏ ప్రభువు కొలువున నుండెను, ఏ గ్రంథము వలన గొప్పవాడయ్యెను అని ఎవరైన ప్రశ్నించినచో, కృష్ణదేవరాయల కొలువుననియు, రాఘవపాండవీయము వలన ననియు సమాధానము వచ్చును. మొదటి మాట చరిత్రకు నిలువదు. రెండవ మాట సత్యమే గాని సగము సత్యము. ఈ వార్షిక సంచికను చదువు సోదరసోదరీమణులకు సూరన చరిత్రమును ఉన్నదున్నట్లు విన్నవించుటయు, ఆయన తన బుద్ధి నుండియే పుట్టించిన కలాపూర్ణోదయ కథను గూర్చి కొంత విస్తరించి చెప్పుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సూరన తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ. పింగళి వారి పూర్వులకు కృష్ణాతీరమునందలి పింగళి గ్రామము వలన ఇంటిపేరు వచ్చెను. ఆ వంశమును గూర్చి ఒక ఐతిహ్యము కలదు. వారి పూర్వపురుషుని యింట పేకి యను ఒక శక్తి దాసియై పనిపాటలు చేయుచుండెనట. ఇట్టి కథలను విని పెరిగిన బాలుడు పెద్దవాడై అద్భుతకథ నల్లుటలో వింత లేదని ఒకరు అనవచ్చును. నాకు మాత్రము మరియొక సంగతి వింతగ దోచుచున్నది. నియోగులకు వంశవృత్తి లెక్క వ్రాయుట. గట్టు హద్దులు, శిస్తు పద్దులు, దస్త్రములు, ఇవి మన తాతముత్తాతల ప్రపంచము. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కర్నలు మెకంజీ దత్తమండలములలో కైఫీయతులు సేకరింపించినప్పుడు ఊరూర పాతకథలు చెప్పినవారిలో, వ్రాసి యిచ్చినవారిలో కరణములు ముఖ్యులు. ఆయనకు కుడిభుజములైన కావలి సోదరులును నియోగులే. కరణీకములు 1984లో రద్దయినవి గాని, జరిగినదానిని జరిగినట్లు వ్రాయుట యను ఆ అలవాటు మన యిండ్లలో ఇంకను పోలేదు. అట్టి శాఖలో పుట్టి, జరుగనే జరుగని కథను ఎనిమిది ఆశ్వాసములు వ్రాసిన ధీరుడు సూరన.

ఇక కొలువు మాట. కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు రాజ్యము చేసెను. పెద్దన మనుచరిత్రమును, తిమ్మన పారిజాతాపహరణమును రాయలకు అంకితము చేసిరి. వారు ఆయన సభలో నుండిరనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. సూరన కృతులలో ఏదియు రాయలకు అంకితము కాలేదు. రాఘవపాండవీయమునకు విరూపాక్షదేవుడు కృతిపతి. కలాపూర్ణోదయమునకు నంద్యాల కృష్ణమరాజు. ప్రభావతీప్రద్యుమ్నమునకు ఎవరో కడపట చెప్పెదను. ఆయన మొదటి రచనయైన గరుడపురాణము మనకు దక్కలేదు. కృతిపతుల కాలమును బట్టి విమర్శకులు సూరనను రాయలకు తరువాతి తరమున, పదునారవ శతాబ్ది నడిమి భాగమున నిలుపుచున్నారు. ఎనమండుగురిని ఒక్క సభలో ఎనిమిది దిక్కుల కూర్చుండబెట్టుట పిదపకాలపు ముచ్చట. ముచ్చట అందమైనదే, కాని దాని వలన నంద్యాలకు అన్యాయము జరిగినది.

నంద్యాల ప్రభువులు ఆరవీటి వంశమువారు. తళ్లికోట యుద్ధమున కూలిన అళియ రామరాజును, తదనంతరము పెనుగొండకు తరలిన తిరుమలరాయలును ఆ వంశమువారే. సామ్రాజ్యపు పెత్తనము ఆరవీటి వారి చేతిలో నున్న దినములలో, వారి దాయాది శాఖలలో ఒకటి నంద్యాలలో చిన్న కొలువు తీర్చుకొని యుండెను. చక్రవర్తి సభలో కొత్తకథ చెప్పుటకు కవి జంకును. అచ్చట పురాణముల ప్రమాణము, పండితుల శల్యపరీక్ష, బిరుదుల పోటీ. చిన్న ప్రభువు కొలువున ఆ బరువు తక్కువ. కలాపూర్ణోదయము వంటి సాహసము భువనవిజయమున గాక నంద్యాలలో జరుగుట నాకు సహజముగనే కన్పట్టుచున్నది. ఆ కారణముచేత సూరనను రాయల సభ నుండి నంద్యాలకు తెచ్చుట ఆయనను తగ్గించుట కాదు. ఇది మనకును సంతోషింపదగిన విషయమే. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలో నుండెను. ఆ దినమున కర్నూలు జిల్లాలో చేరినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల వేరు జిల్లా యయ్యెను. పటములపై గీతలు ఇట్లు మారుచుండును. కాని సూరన కాలమున ఆదోని కొండకోటయు నంద్యాలయు ఒకే సామ్రాజ్యపు నీడన నుండెను.

రాఘవపాండవీయమును గూర్చి కొద్దిమాటలు చాలును. ఒక్కొక్క పద్యము ఒక ప్రక్క రామాయణకథను, మరియొక ప్రక్క భారతకథను చెప్పునట్లు కావ్యమంతయు నడిపించుట సామాన్యపు పని కాదు. దశరథుడు పాండురాజు, సీత ద్రౌపది, ఒకే అక్షరములలో ఇద్దరును ఒదుగవలెను. తెలుగులో ఇట్టి ద్వ్యర్థికావ్యము నిర్వహించుటలో సూరన మొదటి వరుసవాడు. పండితులు దీనికి నీరాజనము పట్టిరి. వ్యాఖ్యానము లేనిదే సామాన్యుడు దీని గడప దాటలేడు. బాలురకు సూరన పేరు చెప్పి ఈ గ్రంథము చేతికిచ్చినచో వారు జీవితాంతము సూరనకు దూరముగ నుందురని నా భయము.

కలాపూర్ణోదయము వేరు. దీనిలో వస్తువు పురాణములనుండి గాని ఇతిహాసములనుండి గాని తీసికొన్నది కాదు, సూరన స్వకపోలకల్పితము. నారదుడు, శ్రీకృష్ణుడు, రంభ, నలకూబరుడు మనకు తెలిసినవారే. కాని వారు పరిచితులైన అతిథులవలె వచ్చి, సూరన కట్టిన క్రొత్త యింటిలో తిరుగుదురు. ఆ కాలమున కథ ప్రఖ్యాతముగ నుండవలెనని లాక్షణికుల కోరిక. ఉత్పాద్యవస్తువు, అనగా కవి పుట్టించిన కథ, లక్షణగ్రంథములలో ఒప్పుకొన్నదే యైనను, తెలుగున దానిని ఇంత దూరము కొనిపోయినవారు అరుదు.

కథ ద్వారకలో ఆరంభమగును. వసంతకాలమున ఉద్యానవనమున కలభాషిణి యను వేశ్యాపుత్రిక ఉయ్యెల యూగుచుండగా, ఆకాశమున విమానమెక్కి రంభానలకూబరులు పోవుచుందురు. వారి ముచ్చటలలో కలాపూర్ణుడను రాజు కథ యొకటి ప్రసక్తికి వచ్చును. రంభ ఆ కథను చెప్పుటకు భయపడును. అది భూలోకమున చెప్పరాని కథయట. ఆ మాట క్రిందనున్న కలభాషిణి చెవిని బడును. ఆమె చెవినే కాదు, పాఠకుని చెవిని గూడ బడును. చెప్పరాదని చెప్పి కథను మొదలుపెట్టిన కవి తెలుగున మరియొకడు నాకు కనబడలేదు. ఆ కలాపూర్ణుడెవడు, అతని కథ యేమి, ఎందుకు చెప్పరాదు అను ఆతురతతో కావ్యము సగము గడచువరకు మనము పుటలు త్రిప్పుచుందుము.

నారదుడు తుంబురుని సంగీతమున గెలువగోరి, శిష్యుడైన మణికంధరుడను గంధర్వునితో ద్వారకకు వచ్చి, శ్రీకృష్ణుని దేవులయొద్ద గానవిద్య నభ్యసించును. కలభాషిణియు ఆ సందున అంతఃపురము చొచ్చి విద్య నేర్చును. ఒక వేశ్యాపుత్రికకు శ్రీకృష్ణుని దేవేరులచే సంగీతము చెప్పించుటలో కవి యొక్క ఔదార్యము గమనింపదగినది. ఆమెకు నలకూబరునిపై వలపు. కోరిన రూపము ధరించు శక్తి నారదుని యనుగ్రహమున కలిగి, ఆమె రంభ రూపము దాల్చి తన ప్రియుని చేరును. కాని ఆమె చేరినవాడు నలకూబరుడు కాడు; నలకూబరుని రూపము దాల్చిన మణికంధరుడు! మాయరంభయు మాయనలకూబరుడును ఒకరి నొకరు నిజమని నమ్మి సుఖించుచుండగా, అసలు రంభ వచ్చి పడును. నేను రంభ నన, నేను రంభ నని ఇద్దరును వాదులాడుకొందురు. ఈ ఘట్టము చదువునప్పుడు నవ్వు వచ్చును; నవ్విన వెనుక ఒక శంక గూడ పుట్టును. తాను వలచినది మనిషినా, ఆ మనిషి రూపమునా అని. సూరన ఆ శంకను పైకి చెప్పడు. చెప్పినచో చెడును.

మరియొక వైపు కాశ్మీర దేశమున సుగాత్రీశాలీనుల కథ నడచును. తోటపని చేయు శాలీనునికి సుగాత్రి నిచ్చి పెండ్లి చేయుదురు. ఆమెను సర్వాభరణభూషితను జేసి పడకటింటికి పంపినను అతడు కన్నెత్తి చూడడు. ఇట్లు ఎన్నో రాత్రులు గడచును. ఒకనాడు పెద్దవాన కురియగా, తోటలో తడియుచు పాటుపడుచున్న భర్తను చూడలేక ఆమె నగలన్నియు తీసివైచి, చీర బిగించి, అతనితో గూడ పనిలో దిగును. మట్టి యంటిన ఆ రూపమును జూచి శాలీనుడు ఆమెను వలచును. నల్లరేగడిలో ప్రత్తి తీయుచు, శనగలు పెరుకుచు జీవించు మన సీమవారికి ఈ ఘట్టమును ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. ఆభరణవర్ణనలతో పుటలు నింపుట ప్రబంధకవుల కలవాటైన కాలమున, ఆభరణములు లేకుండుటయే అందమని ఒక కథ చేసి చూపినవాడు సూరన.

తరువాతి జన్మమున కలభాషిణి మధురలాలస యను రాజపుత్రికగ పుట్టును. మణికంధరుడే కలాపూర్ణుడై జన్మించి రాజగును. ఆ శిశువు మెడలో రాజు ఒక దివ్యమణిని వేయగానే ఆమెకు పూర్వజన్మస్మృతి కలిగి, పాలు త్రాగు వయస్సున మాటలాడ నారంభించి, ఇంతవరకును దాచిన కథను విప్పును. సత్యలోకమున ఒకనాడు బ్రహ్మయు సరస్వతియు సరస్తీరమున విహరించుచు ప్రణయకలహమాడిరి. కలహము తీరిన పిమ్మట బ్రహ్మ దేవికి ఒక కథ చెప్పెను. ఆ కథలోని మనుష్యులును పట్టణములును వారిద్దరి విహారములోని సంగతులకు మారుపేళ్లు. ఆ కాసారమే కాసారపురమయ్యెను. అచ్చటి మణిస్తంభమే మణిస్తంభుడను సిద్ధుడయ్యెను. దేవి కంఠమునుండి వెడలిన కలస్వనమే కలాపూర్ణుడను రాజయ్యెను. బ్రహ్మ వినోదమునకై యల్లిన కట్టుకథ యది. అయితే బ్రహ్మవాక్కు అసత్యము కారాదు గదా! ఆ కారణముచే, చెప్పినప్పటికి లేని ఆ మనుష్యులందరును పుట్టవలసి వచ్చెను. కథ యెట్లు చెప్పబడెనో అట్లే జరుగవలసి వచ్చెను. ఆ నిర్బంధము ఎంత దూరము పోయెననగా, సుముఖాసత్తి మణిస్తంభులను పేళ్లతో వ్యవహరింపబడు ఆ సుగాత్రీశాలీనులే స్త్రీపురుషరూపములు తారుమారై, పురుషుడు స్త్రీయై కలాపూర్ణుని కనెను.

ఇచ్చట పాఠకుడు ఒక్కనిమిషము పుస్తకము మూసి ఆలోచింపవలెను. తాను ఇంతవరకు చదివిన ద్వారక, విమానము, ఉయ్యెల, మాయరంభ, వానలో సుగాత్రి, అన్నియు ఆ కథ నిజమగుటకై జరిగిన సంగతులే. కథ ముందు, జీవితము వెనుక. జరిగినదానిని కథగ చెప్పుట లోకరీతి. చెప్పినదానివలన లోకము జరుగుట సూరన రీతి. ఎమ్మిగనూరు మగ్గముపై పడుగును ముందే సవరించి పేకను నడుపునట్లు, కవి ఈ రహస్యమును మొదటి ఆశ్వాసముననే పడుగుగ పరచియుంచి, మనకు పేక మాత్రమే చూపుచు వచ్చెను.

ఐరోపాలో సెర్వాంటెస్ తన డాన్ క్విక్సోట్ రెండవ భాగమును 1615లో ప్రకటించెను. అందలి పాత్రలు మొదటి భాగమును చదివినవారై కనబడుదురు. కథ కథలోనికే చొచ్చుకొని వచ్చిన ఆ చమత్కారమును అచ్చటివారు ఇప్పటికిని కొనియాడుదురు. సూరన అంతకు దాదాపు అర్ధశతాబ్ది ముందటివాడు. భవిష్యత్తును కథావస్తువుగ జేసికొనిన జూల్స్ వెర్న్, వెల్స్ మున్నగువారు పందొమ్మిదవ శతాబ్దివారు. వారికి యంత్రము ఆధారము, సూరనకు వాక్కు ఆధారము. తెలుగున మరల ఇట్టి కల్పనకు పూనుకొన్నవారిలో వీరేశలింగము పంతులవారిని ముందు చెప్పవలెను. ఆయన 1890 ప్రాంతములందు స్విఫ్టు గలివరు యాత్రలను ఒరవడిగ గైకొని సత్యరాజా పూర్వదేశయాత్రలు వ్రాసి, స్త్రీలు పురుషులను ఏలు దేశమొకటి సృష్టించి, మన ఆచారములను తలక్రిందులుగ చూపిరి. విశ్వనాథ సత్యనారాయణగారు హాహాహూహూ అను నవలలో ఒక గంధర్వుని లండను నగరమున పడవేసిరి. వీరేశలింగము పంతులవారును నియోగులే యని ఎవరైన సంతోషించినచో నా కడ్డు లేదు. కాని కల్పనాశక్తి శాఖలను జూచి రాదు.

కలాపూర్ణోదయమును నవీనదృష్టితో పరిశీలించినవారిలో అగ్రగణ్యులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగ నుండగనే ఈ కావ్యముపై ఉపన్యసించి, ఆ విమర్శనమును పెంచి 1914లో కవిత్వతత్త్వవిచారమను పేర ప్రకటించిరి. వర్ణనలే కవిత్వమనుకొను ప్రబంధలోకమున కథాసంవిధానమును, పాత్రపోషణమును త్రాసున బెట్టి తూచి, సూరనకు ఎత్తైన పీట వేసిరి. పండితలోకము వారిపై కత్తులు నూరెను. ఆ వాదము చాలకాలము సాగెను. పిమ్మట 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు ఈ కావ్యమును ఆంగ్లీకరింపగా అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు ప్రచురించిరి. నంద్యాల కొలువున వినిపించిన కథ ఇట్లు ఖండాంతరములందు చదువబడుచున్నది.

దోషములు లేవా? కలవు. కథ మలుపులు ఎక్కువై, పాత్రల పేళ్లు గుర్తుంచుకొనుటకు చదువరి కాగితము కలము దగ్గర నుంచుకొనవలసి వచ్చును. రహస్యము విడిన పిమ్మట కలాపూర్ణుని దిగ్విజయము, సవతుల మాత్సర్యము మొదలగు ఘట్టములలో వేగము మందగించును. శృంగారము పాలు హెచ్చని మన గృహములలో కొందరు ఈ గ్రంథమును బాలురకు ఇయ్యరు. అది న్యాయమైన సంకోచమే. అట్లయినచో కథను వచనమున సంగ్రహించి ఇయ్యవచ్చును గదా? పరీక్షలలో నెగ్గిన మన బాలబాలికలకు దాతలు ఏటేట బహుమతులిచ్చుచున్నారు. నిఘంటువులును, పోటీపరీక్షల పుస్తకములును ఇచ్చుట మంచిదే. వాటితోపాటు సూరన కథ యొకటి చేతికి వచ్చినచో ఆ బాలుడు దానిని ఆ రాత్రియే చదువును. కట్టుకథలు కాలహరణమని కసరు తండ్రులు మనలో నేటికిని కలరు. అట్టివారికి సూరన పేరే సమాధానము. ఆయనను మనవాడని చెప్పుకొనుచు, ఆయన చేసిన పనిని మన పిల్లలు చేయబోయినచో చెవి మెలిపెట్టుట పొసగదు.

సూరన కావ్యములు వెలసిన తరములోనే సామ్రాజ్యము తలక్రిందులయ్యెను. 1565లో రాక్షసితంగడి రణమున రామరాజు హతుడయ్యెను, విజయనగరము కొల్లవోయెను. మూడేండ్లకు, 1568లో, బిజాపూరు సేనాని అంకుశ్ ఖాన్ ముట్టడించి మన ఆదోని కోటను పట్టుకొనెను. అంతకు ముందు ఎవరును సులభముగ లోబరుచుకొనలేని కోట యది. అటుపిమ్మట ఆదోని బిజాపూరు సుల్తానులకు, మొగలాయీలకు, నిజామునకు, కొంతకాలము టిప్పూకు చేతులు మారి, 1800లో దత్తమండలములతో గూడ కుంపిణీ వారి వశమయ్యెను. నేడు కొండపై గోడలు మిగిలినవి. తాటాకులపై వ్రాసిన కలాపూర్ణోదయము అక్షరము చెడక మిగిలినది. ఎవరు వ్రాసి కాపాడిరో ఆ లేఖకుల పేళ్లు మనకు దక్కలేదు. వారిలో పెక్కుమంది దస్త్రములు వ్రాయు చేతులవారే యై యుందురని ఊహించుట తప్పు కాదు.

సూరన కడపటి కావ్యము ప్రభావతీప్రద్యుమ్నమని పండితుల అభిప్రాయము. హరివంశములోని కథ. వజ్రనాభుని పురమునకు ప్రద్యుమ్నుడు నటుని వేషమున, నాటకబృందముతో ప్రవేశించును. శుచిముఖి యను హంస దౌత్యము నెరపును. మారువేషముపై సూరనకు గల మక్కువ ఇచ్చటను పోలేదు. ఇది కలాపూర్ణోదయమంత చిక్కుది కాదు. కూర్పు మాత్రము మరింత బిగువు. చదువబోవువారు ముందు దీనితో ఆరంభించి, పిమ్మట కలాపూర్ణోదయమునకు పోవుట మేలు. మొదటి కావ్యమును దేవునకును, నడిమిదానిని రాజునకును సమర్పించిన కవి, ఈ కావ్యమునకు కృతిపతిగ ఏ ప్రభువును వెదకలేదు. తన తండ్రి అమరనామాత్యుని పేర దానిని అంకితము చేసెను.